నా గుర్రానికి నాడాలు సరిపోలేదు!

శనివారం సాయంత్రం. డాలస్ దగ్గర ప్లేనోలో ఫ్రెండ్ ఇంటికి డిన్నర్‌కి బయల్దేరాం. ముందు సీట్లో నేనూ నా భార్యా, వెనక మరో జంట. కారు నా కలల రాణి, 1969 మస్టాంగ్ కూపే. కొత్తగా వేయించిన వెడల్పాటి టైర్లు, మెరిసిపోయే రిమ్ములు. సిగ్నల్ దగ్గర పక్క కార్లవాళ్లు ఫోన్లు తీసి ఫొటోలు కొడుతుంటే నా ఫోజు మామూలుగా లేదు.

హైవే ఎక్కాం. వంతెన మీద చిన్న గతుకు వచ్చింది. వెనక నుంచి ‘ర్‌ర్‌ర్’ మంటూ ఒక చప్పుడు. ఇంకో గతుకు, మళ్లీ అదే చప్పుడు. ఈసారి కాలిన రబ్బరు వాసన కూడా. పక్కకి ఆపి, ఫోన్ టార్చ్ వేసి చూస్తే గుండె ఆగినంత పనైంది. కుడి వెనక టైరు పక్కగోడ మీద చాకుతో గీసినట్టు పొడుగాటి కోత. మడ్‌గార్డ్ అంచు రబ్బరుని కోసేసింది. ఇంకో నాలుగు మైళ్లు అదే స్పీడ్‌లో వెళ్లుంటే టైరు పేలిపోయేదేమో!

టో ట్రక్ కోసం ఎదురుచూస్తూ నాన్నకి ఫోన్ చేశా. ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. అంతా విని ఒక్కటే అడిగారు. “కోడలు కూడా బండిలోనే ఉందా?”

“ఉంది నాన్నా.”

ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఫొటో చూసి కొన్నా

తప్పు పూర్తిగా నాదే. అమెరికాలో మజిల్ కార్ల కథ 1964లో పాంటియాక్ జీటీఓతో మొదలైందంటారు. అదే ఏడాది ఏప్రిల్ 17న ఫోర్డ్ మస్టాంగ్‌ని జనం ముందుకు తెచ్చింది. మస్టాంగ్ అంటే అడవి గుర్రం. అందుకే నిక్కచ్చిగా మాట్లాడేవాళ్లు దీన్ని ‘పోనీ కార్’ అంటారు. ఏదైతేనేం, వెనక లావు టైర్లు, ముందు కాస్త సన్నవి, ఆ రౌడీ లుక్కే నాకు కావాలి.

నేను కొన్నప్పుడు కారుకి 14 అంగుళాల రిమ్ములు, 215/70 ఆర్ 14 టైర్లు ఉన్నాయి. గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. కానీ పక్కన డాట్ కోడ్ చివర 1107 అని ఉంది. అంటే 2007లో 11వ వారంలో తయారైనవి. ఎండలో నిలబడి నిలబడి రబ్బరు గట్టిపడిపోయింది. పాత కార్లతో ఇదే చిక్కు. టైరు అరగదు, ముసలిదైపోతుంది. మార్చాల్సిందే.

ఆన్‌లైన్‌లో ఒక ఎర్ర మస్టాంగ్ ఫొటో నచ్చింది. అలాంటి రిమ్ములే వెతికి ఆర్డర్ పెట్టా. వెనకకి 8 అంగుళాల వెడల్పు రిమ్ము, 255/60 ఆర్ 15 టైరు. ఐదు బోల్టుల మధ్య కొలత నాలుగున్నర అంగుళాలు, అది సరిపోయింది. నట్లు బిగించా, ఇంటి ముందు నిలబెట్టి చూశా, ఎక్కడా తగల్లేదు. ‘ఫిట్టింగ్ సూపర్’ అనుకున్నా. మేం కోడ్ రాసి ‘నా మెషీన్‌లో పనిచేస్తోంది కదా’ అంటామే, అచ్చం అదే. ఖాళీ కారు పాసైంది. నలుగురు కూర్చుని గతుకు రాగానే బాడీ కిందికి దిగి ఫెయిలైంది.

టైరు ఎక్కించిన రిమ్ములు వెనక్కి తీసుకోం అన్నారు షాపువాళ్లు. వాళ్ల రూల్ బిల్లు మీదే ఉంది, నేనే చదవలేదు. సెట్ మొత్తం సగం ధరకి అమ్ముకున్నా.

ఆ నంబర్ల గుట్టు

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. 255/60 ఆర్ 15 అంటే ఏంటి? 255 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం. ఆర్ అంటే రేడియల్. 15 రిమ్ము సైజు, అంగుళాల్లో. ఒకే నంబర్‌లో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు! ఇంత గజిబిజి డేటా మా ఆఫీసులో కూడా చూళ్లేదు.

టైరు మొత్తం ఎత్తు లెక్క ఈజీ. రిమ్ము సైజుని 25.4తో హెచ్చవేస్తే 381 మిల్లీమీటర్లు. పక్కగోడ 153. అది పైనా కిందా ఉంటుంది కాబట్టి రెండింతలు, 306. మొత్తం 687. నా పాత 215/70 ఆర్ 14 టైరు ఎత్తు 657. అంటే కొత్తది నాలుగున్నర శాతానికి పైగా పెద్దది. ఈ కారులో స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచి నడుస్తుంది, టైరు మారిందని దానికి తెలీదు. ముల్లు 60 మైళ్లు చూపిస్తుంటే నేను వెళ్లేది దాదాపు 63. పోలీసు ఆపితే ఈ లెక్క చెప్పుకోవాలి!

అసలు విలన్ వేరే ఉన్నాడు

నన్ను ముంచింది మాత్రం టైరు ఎత్తు కాదు, బ్యాక్‌స్పేసింగ్. రిమ్ముని బోర్లా పడుకోబెట్టి, వెనక అంచుల మీద అడ్డంగా ఒక కర్ర పెట్టండి. కర్ర నుంచి, రిమ్ము హబ్బుకి ఆనే చోటు దాకా ఉన్న లోతే బ్యాక్‌స్పేసింగ్. ఇది ఎక్కువైతే చక్రం కారు లోపలికి పోతుంది. తక్కువైతే బయటికి పొడుచుకొస్తుంది.

నేను కొన్న 8 అంగుళాల రిమ్ముకి అది మూడుముప్పావు అంగుళాలు. అంచుల మందం కూడా కలిపితే రిమ్ము మొత్తం వెడల్పు సుమారు 9 అంగుళాలు, అందులో సగం నాలుగున్నర. అంటే చక్రం నడిమధ్య గీత, హబ్బు కన్నా ముప్పావు అంగుళం బయటికి జరిగింది. దీన్నే ఆఫ్‌సెట్ మైనస్ 19 మిల్లీమీటర్లు అంటారు. టైరు సగం వెడల్పు 127న్నర, దానికి 19 కలిపితే 146న్నర. హబ్బు నుంచి బయటికి అంత దూరం రబ్బరు ఉందన్నమాట. మడ్‌గార్డ్ అంచు కొయ్యక ఏం చేస్తుంది?

లోపలికి నెట్టేద్దాం అనుకుంటే అక్కడ కమాన్ కట్ట కాచుక్కూర్చుంది. మస్టాంగ్ వెనక లారీకి ఉన్నట్టే కమాన్ కట్టలు ఉంటాయి. వాటికీ మడ్‌గార్డ్‌కీ మధ్య ఉన్న సందులోనే టైరు బతకాలి. ఈ కాలం కార్లలో చాలావాటి ఆఫ్‌సెట్ ప్లస్ 35, 45 అలా ఉంటుంది. బోల్టులు కుదిరాయి కదా అని వాటి రిమ్ములు తెచ్చి పాత కారుకి పెడితే లోపలివైపు కొట్టుకుంటాయి. అది ఇంకో రకం కష్టం.

టేపు పట్టుకున్న ఆదివారం

“ఈసారి కొనే ముందు కొలుస్తావా, కొన్నాక కొలుస్తావా?” అంది మా ఆవిడ, టేపు చేతికిస్తూ. ఇద్దరం గరాజ్‌లో కూర్చున్నాం. కారుని బాడీ పట్టుకుని ఎత్తితే ఇరుసు వేలాడిపోయి కొలతలన్నీ తప్పుతాయి. అందుకే జాకీతో లేపాక స్టాండ్లు ఇరుసు కిందే పెట్టాం. అప్పుడే స్ప్రింగుల మీద కారు బరువు ఉంటుంది. చక్రం తీసేసి, రిమ్ము ఆనే చోటు నుంచి లోపల కమాన్ కట్ట దాకా, బయట మడ్‌గార్డ్ అంచు దాకా కొలిచాం. నేను చదివి చెప్తుంటే తను రాసుకుంది. రెండు వైపులా కొలిస్తే ఎడమకీ కుడికీ కొన్ని మిల్లీమీటర్ల తేడా! యాభై ఏళ్లు దాటిన బాడీ కదా. ఎటు సందు తక్కువుంటే అటు కొలతే లెక్కలోకి తీసుకున్నాం. ముందు చక్రాలకి స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి మరీ చూశాం.

చివరికి తేలింది ఇది. నాలుగింటికీ 15 అంగుళాల రిమ్ము, వెడల్పు 7, బ్యాక్‌స్పేసింగ్ నాలుగుంబావు. వెనక 235/60 ఆర్ 15, ముందు 215/65 ఆర్ 15. వెనక టైరు ఎత్తు 663, పాతదానితో తేడా ఒక్క శాతం లోపే. బయటి అంచు 35 మిల్లీమీటర్లు లోపలికి వచ్చింది. కమాన్ కట్ట వైపు 15 జరిగినా ఇంకా వేలు దూరేంత సందు మిగిలింది. 17 అంగుళాలకి వెళ్తే మంచి పట్టున్న టైర్లు చాలా దొరుకుతాయి, నిజమే. కానీ ఈ కారుకి లావు పక్కగోడే అందం అనిపించి 15కే ఫిక్సయ్యా.

ఆర్డర్ పెట్టే ముందు

పాత కారుకి చక్రాలు మార్చాలనుకుంటే ఇవి మర్చిపోకండి. ఫొటోలోని కారు కొలతలు మీ కారువి కావు, కాబట్టి మీదే కొలవండి. బోల్టుల కొలతతో పాటు బ్యాక్‌స్పేసింగ్ అడిగి రాసుకోండి. ముందు డిస్క్ బ్రేకులుంటే క్యాలిపర్‌కి రిమ్ము తగలకుండా చూసుకోండి, డ్రమ్ బ్రేకుల కాలం నాటి 14 అంగుళాల రిమ్ములు చాలావరకు పట్టవు. టైరు మీద తేదీ చదవండి. టైరు ఎక్కించకముందే ఉత్త రిమ్ముని ఒకసారి బిగించి తిప్పి చూడండి, తగిలితే వెనక్కి పంపే దారి ఉంటుంది. కొత్త చక్రాలతో కొన్ని మైళ్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించండి.

పోయిన నెల అదే నలుగురం, అదే వంతెన మీదుగా వెళ్లాం. గతుకు దగ్గర ఎవరం మాట్లాడలేదు. చప్పుడు రాలేదు. ఇంటికొచ్చాక నాన్న వీడియో కాల్ చేసి, “రిమ్ముల సోకు తర్వాత చూస్తాలే, ఫోన్ మడ్‌గార్డ్ కింద పెట్టు” అన్నారు. పెట్టా. “ఇప్పుడు మధ్యలో వేలు పెట్టు.” పెట్టా. కాసేపు కళ్లు చికిలించి చూసి తలూపారు.

“ఫోన్ కోడలికియ్యి” అన్నారు.