ఆటలో సత్రము - ఇంటిలో నిద్ర

‘పిల్లవాడు రాత్రి రెండు గంటల వరకు వీడియో గేము ఆడుతున్నాడు, నిద్ర పట్టుటకు ఏదైనా మందు ఇవ్వండి’ - ఇటీవల నా వద్దకు వచ్చే తల్లిదండ్రులు తరచుగా చెప్పే మాట ఇది. నిదానము తెలియక చికిత్సకు పూనుకొనరాదన్నది గురుకులములో మాకు నేర్పిన మొదటి పాఠము. ఆట ఎట్టిదో తెలియక దానిని మాన్పించబోవుట కూడ అంతే. కనుక ఒక ఆటను మూడు వారములు స్వయముగా ఆడి చూచి ఈ వ్యాసము వ్రాస్తున్నాను.

దాని పేరు డ్రాగన్ క్వెస్ట్ మూడు. జపానులో ఎనిక్స్ సంస్థ దీనిని 1988 ఫిబ్రవరి 10న విడుదల చేసినప్పుడు దుకాణముల ముందు జనము బారులు తీరారు. రచన యూజి హోరీ, పాత్రల రూపకల్పన అకిరా తోరియామా, సంగీతము కోయిచి సుగియామా. సుగియామా 2021లోను, తోరియామా 2024 మార్చిలోను కన్నుమూశారు. ఆ 2024లోనే నవంబరు 14న స్క్వేర్ ఎనిక్స్ వారు పాత ఆటను కొత్తగా నిర్మించి విడుదల చేశారు. మనుషులు నాటివలెనే చదరపు చుక్కలతో కూర్చిన బొమ్మలు. వారి వెనుక సముద్రము, అడవి, దీపకాంతి మాత్రము ఎంతో లోతుగా కనిపిస్తాయి. పదహారవ పుట్టినరోజున ఒక యువకుడు, వెళ్ళి తిరిగి రాని తండ్రి బాటలో రాక్షసరాజుపైకి బయలుదేరుట ఇందలి కథ.

మా దౌహిత్రునికి కూడ పదహారేండ్లే. 2025 వేసవిలో సైకిలు మీదనుండి పడి కాలి ఎముక విరుగగొట్టుకున్నాడు. ఆసుపత్రిలో ఎముకను సరిచేసి, ఆరు వారములకు పిండికట్టు వేసి పంపారు. మంచము పట్టినవానికి ఈ ఆటే తోడైనది. రెండు వారములు గడిచేసరికి కండ్లక్రింద నలుపు, అన్నముపై అరుచి, మలబద్ధము, అకారణమైన కోపము. అస్థి వాతమునకు స్థానము. రాత్రిజాగరణ వాతమును పెంచును. ఎముక అతుకుకొనవలసిన దినములలో నిద్ర చెడుట చిన్న విషయము కాదు. మా అమ్మాయి ఆ యంత్రమును లాగుకొని బీరువాలో పెట్టి తాళము వేసింది. వాడు ఒక పూట అన్నము మానివేశాడు. నేను దానిని తీయించి, ‘నాయనా, నాకు కూడ నేర్పు’ అని ప్రక్కన కూర్చున్నాను.

వైద్యుని కన్ను మొదట పడేది మూలికలపైననే. ఆటలో ‘ఔషధమూలిక’ అని ఒకటి అమ్ముతారు. వాడితే గాయము మానును. ఏ మూలిక, రసమేమి, వీర్యమేమి అని అడిగాను. ‘ఆకుపచ్చగా ఉంటుంది తాతయ్యా, అంతే’ అన్నాడు. కండ్లు మూయించి వాసనతోనే వేళ్ళను గుర్తింపజేసిన గురువుల వద్ద చదివిన నాకు ఇది మింగుడుపడలేదు. విషము తగిలినవానికి నడచినకొద్దీ బలము క్షీణించుట మాత్రము మెచ్చదగినది. అయితే ఆటలో విషహర మూలిక వాడినంతనే విషము దిగిపోవును. పాఠకులు ఇక్కడ పొరబడరాదు. పాము కరచినవానిని నడిపింపక, కరచిన అవయవమును కదలనీయక, ఏ ఆకుపసరుకొరకూ ఆగక, విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను. ఆయుర్వేద వైద్యుడనైన నేనే ఈ మాట చెబుతున్నాను.

ఆ మూలికలను మించిన ఔషధము ఆటలో సత్రము. ఊరూరా ఉంటుంది. తలకింత అని కాసులు చెల్లించి పడుకొన్నచో చిన్న బాణీ ఒకటి వినిపించును, తెల్లవారును. పోయిన బలమంతయు, మంత్రములకు వెచ్చించిన శక్తియంతయు తిరిగి నిండును. ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము శరీరమునకు మూడు ఉపస్తంభములని చరకసంహిత చెప్పినది. అందులో రెండవది ఇక్కడ సాక్షాత్తు ఒక ఇల్లుగా నిలబడియున్నది. చిత్రమేమనగా, వీరుని మాటిమాటికి పడుకోబెట్టే బాలుడు తాను పడుకొనడు!

అడిగితే ‘ఇప్పుడు ఆపలేను’ అనేవాడు. 1988 నాటి ఆటలో ఆ మాటకు అర్థమున్నది. సాధించినదానిని భద్రపరచుకొనుటకు రాజుగారి ఎదుటికి పోవలెను. మధ్యలో యంత్రము కట్టివేసినచో శ్రమ వృథా. కొత్త ఆటలో యంత్రము దారిలో తనంతట తానే భద్రపరచుచుండును. పోరాటములను మూడు వేగములలో నడుపుకొనవచ్చును. పోవలసిన చోటికి పటముపై గుర్తు ఉండును. వీరుడు చావని సులభస్థాయి కూడ ఉన్నది, నాకు మనుమడు పెట్టినది అదే. ఈ సౌకర్యములు పాత రుచిని చెరచినవని కొందరు అనవచ్చును. రోగికి మాత్రము, ఏ క్షణమునందైనను ఆపగల ఆటయే తగినది. ఈ సంగతి నాకు తెలిసిన తరువాత వాని సాకు చెల్లలేదు. పగలు రెండు విడతలు, సాయంత్రము ఒకటి. ప్రతి విడతయు సత్రముతో ముగియవలెను. రాత్రి తొమ్మిదికి యంత్రము నా గదికి రావలెను - ఇదీ మా ఒప్పందము.

కొన్ని దినములకు కథ పోర్తోగా రాజ్యమునకు చేరినది. ఆటలోని ప్రపంచపటము మన భూగోళమునకు నీడ వంటిది. పోర్తోగా అనగా పోర్చుగలు. ఆ రాజు మిరియములు తెచ్చినవారికి ఓడ ఇచ్చును. అవి దొరికేది తూర్పున ‘బహరత’ అను ఊరిలో! పేరు విన్నంతనే నేను సర్దుకొని కూర్చున్నాను. అక్కడి గుప్త అను యువకుని, అతని ప్రియురాలిని దొంగల చెరనుండి విడిపించగా మిరియములు లభించినవి. 1498లో వాస్కో డ గామా కోళికోడు తీరమునకు వచ్చినది ఇట్టి సుగంధద్రవ్యముల కొరకే గదా. బడిలో ఎక్కని ఆ పాఠము మనుమనికి ఇక్కడ ఎక్కినది. ఆ పూట మిరియాల చారు చేయించాను. శొంఠి, పిప్పళ్ళతో కూడి త్రికటుకమయ్యే మరిచము అగ్నిదీపనము. వాడు రెండుసార్లు కలుపుకొని తిన్నాడు. అయితే ఎముక విరిగినవానికి కారము, పులుపు, ఉప్పు అధికము కారాదని సుశ్రుతుని మతము. కనుక అది ఆకలిని మేల్కొలుపుటకు మాత్రమే. నిత్యాహారము పాలు, నెయ్యి, పెసరపప్పు.

రాత్రి వేళ గోరువెచ్చని గేదెపాలు ఒక గ్లాసు, తలకును కట్టులేని అరికాలికిని నువ్వులనూనె. వారము దాటేసరికి పదింటికే నిద్ర పట్టసాగినది. అందరికీ ఇంతటితో సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరిలో అమలులోనికి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనము కూడ ఉన్నది. అదుపు తప్పుట, అన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, హాని కనబడినను మానలేకపోవుట దాని లక్షణములు. సాధారణముగా ఇవి 12 మాసములు కనిపించవలెను. అట్టివానిని మానసిక వైద్యునికి చూపవలెను. మా వానిది మంచము పట్టిన పిల్లవాని విసుగు మాత్రమే.

ఆరు వారములకు కట్టు విప్పారు. ఎముక చక్కగా అతుకుకొన్నది. అప్పటికి బరామోసు అను రాక్షసరాజును జయించి, వాని వెనుక మరియొక చీకటి లోకము ఉన్నదని తెలుసుకున్నాము. నాకు రోగులు ఎదురుచూస్తున్నందున అక్కడికి మనుమడు ఒక్కడే వెళ్ళాడు. ఆ లోకములో సత్రములు ఉన్నవా అని అడిగాను. ఉన్నవట.