నైరోబీ హోటల్ కాగితం, కోరుట్ల వీసా లెక్క

నైరోబీలో ఓ హోటలు తన అతిథుల కోసం వేసుకున్న గైడు అది. ఈతకొలను, జిరాఫీలు, పొద్దున ఏ పార్కు, సాయంత్రం ఏ బజారు, రాత్రి ఏ భోజనం... సెలవులకొచ్చినవాళ్లు నాలుగు రోజులు సరదాగా గడపడానికి కావలసినవన్నీ ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు. తప్పంతా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాట్సాప్ గ్రూపుల్లో అది తిరుగుతున్న తీరులో ఉంది. బొమ్మల కింద రాత మారిపోయింది: "ఇదే హోటల్ల పని. కెన్యాకు వీసా లేదు. విజిట్ మీద పోవుడే, దిగినంక పర్మిట్ కొడతరు. రూము బుకింగు కాగితం గూడ వచ్చింది."

ముందు ఆ కాగితం సంగతి తేలుద్దాం. మిగతా అపోహల వల్ల ఎవరి ఎకరమూ అమ్ముడుపోవడం లేదు కాబట్టి అవి కాస్త ఆగినా నష్టం లేదు.

అపోహ: హోటల్ బుకింగు వచ్చిందంటే ఉద్యోగం ఖాయం

ఆ కాగితాన్ని ఒక్కసారి కింది దాకా చదవండి. పైన మీ పేరుంటుంది, నిజమే. పక్కనే 'గెస్ట్' అని ఉంటుంది. తర్వాత చెకిన్ తేదీ, చెకౌట్ తేదీ, మధ్యలో రెండో మూడో రాత్రులు. ఇంకాస్త కిందికొస్తే 'పే ఎట్ ప్రాపర్టీ'. అంటే ఆ గదికి ఇంతవరకు ఎవరూ పైసా కట్టలేదు, మీరే వెళ్లి కట్టుకోవాలి. ఆ కిందే 'ఫ్రీ క్యాన్సిలేషన్', ఫలానా తేదీలోపు రద్దు చేసుకుంటే ఖర్చుండదని. ఏజెంటుకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే. మీరు శంషాబాదుకు బండెక్కేలోపే ఆయన ఫోన్లో రెండు నొక్కులు నొక్కితే ఆ గది మాయం. జీతమెంత, పని గంటలెన్ని, యజమాని ఎవరు? ఒక్క మాటా ఉండదు. ఉండాల్సిన పనీ లేదు. ఉద్యోగికి హోటలు జీతమిస్తుంది, గది అద్దె వసూలు చేయదు. మీ చేతిలో ఉన్నది అద్దె కాగితం. సిరిసిల్ల నెట్ సెంటర్లో కూర్చుని ఎవరైనా పది నిమిషాల్లో తీయగలరు.

మరి ఎందుకు తీస్తున్నారు? కెన్యా అడుగుతుంది గనక. 2024 జనవరి నుంచి ఆ దేశం వీసా తీసేసి, బయల్దేరకముందే ఆన్‌లైన్లో తీసుకోవాల్సిన ఈటీఏ అనే అనుమతి పెట్టింది. ఫీజు 30 డాలర్లు. పాస్‌పోర్టు, ఫొటో, రానుపోను ప్రయాణ వివరాలు, ఎక్కడ దిగుతారో చూపే బుకింగు ఇవ్వాలి. చూసి రావడానికో, చుట్టాలను కలవడానికో, వ్యాపారం మాట్లాడుకోవడానికో గరిష్ఠంగా 90 రోజులు. "వీసా లేదు" అన్నంత వరకు నిజమే. దాన్ని "పని చేసుకోవచ్చు" దాకా సాగదీసింది మనవాళ్లే.

ఈ సాగదీత మన దగ్గర ఇంత తేలిగ్గా ఎందుకు అతుక్కుందంటే, దుబాయ్ అలవాటు. విజిట్ మీద దిగి, పని దొరికితే అక్కడే వీసా మార్చుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఎమిరేట్స్ చట్టం ఆ మార్పును ఒప్పుకుంటుంది కూడా. పని దొరక్క ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనుషులు అయిపోయి, ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఎప్పుడు ప్రకటిస్తారా అని ఎదురుచూసినవాళ్లూ ప్రతి ఊళ్లో ఉన్నారు గానీ, వాళ్ల కథ గ్రూపుల్లో ఎవరూ పెట్టరు. ఆ సగం లెక్కనే ఇప్పుడు నైరోబీకి తీసుకుపోతున్నారు.

నైరోబీలో ఆ లెక్క కుదరదు. అక్కడ పరాయి దేశస్థుడు ఉద్యోగం చేయాలంటే క్లాస్ డి పర్మిట్ ఉండాలి. ఆ పనికి స్థానికుడు దొరకలేదని యజమాని చూపించి, మీ చదువు, నైపుణ్యాల కాగితాలు పెట్టి దరఖాస్తు చేయాలి. ఏడాదికి లక్షల షిల్లింగుల్లో ఫీజు కట్టాలి. గిన్నెలు కడగడానికి, పరుపులు సర్దడానికి మనిషి దొరకలేదని నైరోబీలో ఏ హోటలు చెప్పినా ఇమిగ్రేషన్ ఆఫీసులో నవ్విపోతారు. పర్మిట్ లేకుండా పనిచేస్తూ దొరికితే జరిమానా, జైలు, ఆపైన డిపోర్టేషన్. ఏజెంటుకు ఇందులో ఒక్కటీ లేదు.

ఇది చట్టం మాట. మామూలు బుద్ధితో చూసినా సరిపోతుంది. దుబాయ్, దోహాల్లో పనిచేసి వచ్చినవాళ్లను అడగండి: మాల్ గేటు దగ్గర సెక్యూరిటీ డ్రెస్సులో నిలబడేది ఎవరు? కెన్యా, ఉగాండా కుర్రాళ్లు. సొంత ఊళ్లో పని దొరక్క, మనలాగే ఏజెంటుకు డబ్బు కట్టి గల్ఫ్‌కు వచ్చినవాళ్లు. 2024 జూన్‌లో పన్నుల బిల్లు మీద నైరోబీ వీధుల్లోకి దిగి పార్లమెంటులోకి చొచ్చుకుపోయింది కూడా వాళ్ల ఈడు పిల్లలే. నిరుద్యోగం కూడా వాళ్ల కోపంలో ఒక భాగం. తన పిల్లల్ని దుబాయ్ పంపిస్తున్న దేశం కోరుట్ల కుర్రాడికి కబురు పెట్టి పిలిపించి నెలకు అరవై వేలిస్తుందట! 2024 నవంబరులో సవరించాక కూడా నైరోబీలో సాధారణ కూలీకి చట్టం చెప్పే కనీస జీతం నెలకు పదహారు వేల షిల్లింగులకు కాస్త పైన. మన డబ్బుల్లో పదకొండు వేల చుట్టుపక్కల. దానికోసం మిత్తికి తెచ్చి లక్షలు కట్టడం ఏ లెక్క?

నైరోబీలో మనవాళ్లకు ఉద్యోగాలే లేవని కాదు. అకౌంటెంట్లు, ఫార్మా వాళ్లు, ఇంజినీర్లు, ఫ్యాక్టరీ మేనేజర్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరూ హోటల్ బుకింగు కాగితం చూసి పోలేదు. ముందు కాంట్రాక్టు, తర్వాత పర్మిట్, ఆ తర్వాతే టికెట్.

ఇంకో మాట కూడా ఏజెంట్లు లాభంలా చెబుతున్నారు: "కెన్యాకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు." ఇదీ నిజమే. పదో తరగతి పాస్ కానివాళ్ల ఈసీఆర్ పాస్‌పోర్టుకు క్లియరెన్స్ తప్పనిసరైన దేశాలు 18. గల్ఫ్ దేశాలన్నీ అందులో ఉన్నాయి, ఆఫ్రికాలో లిబియా, సూడాన్, దక్షిణ సూడాన్ మాత్రమే ఉన్నాయి. కెన్యా లేదు. లేకపోతే ఏమవుతుంది? కాంట్రాక్టును సర్కారు ముందుగా చూడదు. గల్ఫ్‌కు పోయే కూలీకి తప్పనిసరిగా ఉండే ప్రవాసీ భారతీయ బీమా యోజన, అంటే ప్రమాదంలో పోతే ఇంటికి పది లక్షలు వచ్చే పాలసీ, మీకు ఉండదు. అడ్డు లేదని సంబరపడుతున్నది నిజానికి కాపలా లేకపోవడం.

అయితే ఒక్క అడ్డు మాత్రం ఎక్కడికైనా ఉంది. కెన్యాకైనా కెనడాకైనా ఉద్యోగానికి మనుషుల్ని పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్లో పేరు కొడితే ఉందో లేదో తెలిసిపోతుంది. లైసెన్సు ఉన్నవాడు కూడా మీ దగ్గర తీసుకోగలిగేది ముప్పై వేలు, ఆపైన జీఎస్టీ. అంతకుమించి అడిగితే అక్కడే లేచి వచ్చేయండి. విదేశీ ఉద్యోగాల కోసం రాష్ట్ర ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సొంత సంస్థ ఉంది. బస్ చార్జీ పెట్టుకుని హైదరాబాదు పోయి అడిగిరావడం అప్పు తీర్చడం కన్నా చవక. డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా పోయి సైబర్ మోసాల ముఠా గదుల్లో చిక్కుకున్న సిరిసిల్ల జిల్లా యువకుడి సంగతి 2024లో పేపర్లన్నీ రాశాయి. అప్పుడు చదివి అయ్యో అన్నవాళ్లే ఇప్పుడు ఈ గైడును ఫార్వర్డ్ చేస్తున్నారు.

అపోహ: ఎల్లో ఫీవర్ సూది అక్కర్లేదు, కార్డు కొనుక్కుంటే చాలు

దీని సంగతి వేరే రకం. నేరుగా ఇండియా నుంచి వచ్చినవాళ్లను కెన్యా ఆ కార్డు అడగదు. అందుకే "ఎవరూ చూడరు" అనే మాట పుట్టింది. చూసేది తిరిగొచ్చేటప్పుడు, మన విమానాశ్రయంలోనే. ఈ జబ్బు మన దేశంలో ఇంతవరకు పుట్టలేదు. కానీ దాన్ని మోసే ఏడిస్ దోమ, మనకు డెంగీ అంటించేదే, ప్రతి కూలర్ తొట్టిలో ఉంది. జబ్బు ఒంట్లో ఉన్న ఒక్క ప్రయాణికుడు దిగితే చాలు. అందుకే కెన్యా, ఇథియోపియా, ఉగాండా లాంటి దేశాల నుంచి వచ్చేవాళ్ల దగ్గర కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. ఇంటివాళ్లు బయట కారు పెట్టుకుని ఎదురుచూడాల్సిందే.

ఆ పసుపుపచ్చ పుస్తకంలో మందు బ్యాచ్ నంబరు, వేసిన తేదీ, డాక్టరు సంతకం, సెంటరు ముద్ర ఉంటాయి. అన్నిటికీ ఆ సెంటర్లో రికార్డు ఉంటుంది. రబ్బరు స్టాంపు చేయించుకున్నవాడికి ఆ రికార్డు ఎక్కడ దొరుకుతుంది? పైగా సూది వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు. రేపు విమానమని ఇవాళ పరుగెత్తితే లాభం లేదు. హైదరాబాదులో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో వేస్తారు. ముందుగా అడిగి, పాస్‌పోర్టు పట్టుకుని పోండి. ఒక్క డోసు చాలు. 2016 జులై నుంచి అది జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవాళ్లు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి. అమ్మానాన్నల్ని కొడుకు దగ్గరికి పంపేవాళ్లు ఈ ముక్క మరిచిపోవద్దు.

మిగతావి

ఆఫ్రికా అంటే ఎండ. నైరోబీ ఉన్నది దాదాపు 1,800 మీటర్ల ఎత్తున. జగిత్యాల మే నెలలో ఉడికేవాళ్లు అక్కడ జులై రాత్రికి స్వెటర్ వెతుక్కుంటారు.

వీధుల్లో సింహాలు. నగరం హద్దుల్లోనే 117 చదరపు కిలోమీటర్ల నేషనల్ పార్కు ఉంది, 1946 నుంచీ. సింహాలుండేది అందులో. టికెట్ కొనుక్కుని పోవాలి.

తినడానికేం దొరకదు. 1896లో మొదలైన ఉగాండా రైలుమార్గం కోసం ఇండియా నుంచి పోయిన కూలీలు ముప్పై వేలకు పైనే. నైరోబీ 1899లో ఆ రైలు మజిలీగానే పుట్టింది. చపాతీ, సమోసా, చాయ్ అక్కడివాళ్ల తిండి కూడా అయిపోయి నూరేళ్లు దాటింది. వాళ్ల ఉగాలి దాదాపు మన మక్క గట్క లాంటిదే. ఇడ్లీ, దోసె కావాలంటే పార్క్‌లాండ్స్ వైపు పోండి.

వాళ్లంటేనే భయం. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఓ కుర్రాడి చావుకు నైజీరియా విద్యార్థులే కారణమన్న పుకారు పుట్టింది. గుంపు నల్లగా కనిపించినవాళ్లందరి మీదా పడింది. భయాన్ని గురించి మనం మాట్లాడకపోవడమే మర్యాద.

అపోహ: హోటల్ గేటు దాటితే దోపిడీయే

ఇందులో కొంత నిజముంది, ఒప్పుకోక తప్పదు. నైరోబీ వాళ్లే తమ నగరాన్ని 'నైరోబరీ' అని వెక్కిరించుకుంటారు. సిటీ సెంటర్లో రోడ్డు పక్కన నిలబడి వీడియో కాల్‌లో ఇంటివాళ్లకు బిల్డింగులు చూపిస్తుంటే, చేతిలో ఫోను బైకు మీద వచ్చినవాడి చేతికి పోవడం జరిగే పనే. మటాటు అనే వాళ్ల ప్రైవేటు బస్సుల్లో కిటికీ పక్కన ఫోను బయటికి తీయకూడదు. చీకటిపడ్డాక నడక వద్దు, ఉబర్, బోల్ట్ ఉన్నాయి. మెడలో పుస్తెలతాడు ఇంట్లోనే ఉంచి వెళ్లడం మంచిది, ఎవరేమనుకున్నా సరే.

అంతమాత్రాన చూసి రావడానికి పోయినవాళ్లు నాలుగు రోజులూ గదిలో కూర్చుని హోటల్ బఫే తిని రావాలా? పట్టపగలు కరూరా అడవికి పోండి. వెయ్యి హెక్టార్ల ఆ అడవిని బిల్డర్ల చేతికి పోకుండా కాపాడడానికి వంగారీ మాథాయ్ దెబ్బలు తిన్నారు. 2004లో ఆవిడకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇప్పుడక్కడ కుటుంబాలు సైకిళ్లు తొక్కుతున్నాయి. రైల్వే మ్యూజియం చూడండి. మనవాళ్లు వేసిన పట్టాల కథ అక్కడే ఉంది.

డబ్బు విషయంలో యూపీఐని నమ్ముకోవద్దు. అక్కడ 2007 నుంచి ఎంపెసాదే రాజ్యం, కూరగాయలమ్మే ఆవిడ కూడా దానిలోనే తీసుకుంటుంది. డాలర్లు కొత్త నోట్లే తీసుకెళ్లండి, పాతవీ నలిగినవీ చాలాచోట్ల వెనక్కిస్తారు. ఈటీఏ మీరే చేసుకోండి. కెన్యా ప్రభుత్వ సైటు చిరునామా 'గో డాట్ కేఈ' అని ముగుస్తుంది. మిగతావి కమీషన్ దుకాణాలు. వచ్చిన ఈటీఏ మీద ఉన్న షరతులు ప్రింటు తీసి చదవండి.

తొక్కు, సకినాలు పాలిథిన్ క్యారీ బ్యాగుల్లో చుట్టొద్దు. 2017 ఆగస్టు నుంచి కెన్యాలో అవి నిషేధం, ఎయిర్‌పోర్టులో ఊడదీయిస్తారు. స్టీలు డబ్బా, గుడ్డ సంచీ చాలు. 2025 జూన్ నుంచి హైదరాబాదు నుంచే ఇథియోపియన్ విమానం అడిస్ అబాబాకు ఉంది, అక్కడ మారి నైరోబీ పోవచ్చు. పార్కుకు తెల్లవారుజామునే పోవాలి, ఎండెక్కితే జంతువులు పొదల్లోకి పోతాయి. షెల్డ్రిక్ అనే సంస్థ వాళ్ల దగ్గర తల్లుల్లేని ఏనుగు పిల్లల్ని చూపించేది పదకొండు నుంచి పన్నెండు వరకే. ముందే బుక్ చేసుకోవాలి, లేకపోతే గేటు దగ్గరి నుంచే తిప్పి పంపుతారు.