బొమ్మ రైలుకు ఎన్ని ఆంపియర్లు కావాలి?

అసలు రైలును 87వ వంతుకు కుదించి, 16.5 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టాలపై నడిపే నమూనా రైల్వేలు చాలా దేశాల్లో పెద్దవాళ్ల అభిరుచి. ఈ కొలతను హెచ్‌ఓ స్కేల్ అంటారు. మన దేశంలో పుణేలోని జోషి సూక్ష్మ రైల్వేల మ్యూజియం చూసినవారికి ఈ లోకం కొంత పరిచయమే. స్టేషన్లు, సొరంగాలు, వంతెనలతో ఇలా అమర్చిన రైలు మార్గాన్ని లేఅవుట్ అంటారు. దాన్ని కట్టుకునేవారికి మొదట వచ్చే సందేహం: దీనికి ఎంత కరెంటు కావాలి?

ఎంత కావాలో చిన్న కూడికతో తేలిపోతుంది. ఎక్కడైనా షార్ట్ సర్క్యూట్ అయితే ఆ కరెంటు వెంటనే ఆగుతుందా అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. ఈ రెండూ అర్థం కావాలంటే హైస్కూల్లో చదువుకున్న ఓమ్ నియమం చాలు.

సంకేతం, కరెంటు ఒకే దారిలో

పాత పద్ధతిలో పట్టాలకు సున్నా నుంచి 12 వోల్టుల వరకు డీసీ కరెంటు ఇచ్చేవారు. వోల్టేజీ పెంచితే రైలు వేగం పెరుగుతుంది. ధన, రుణ ధ్రువాలను తారుమారు చేస్తే రైలు వెనక్కి నడుస్తుంది. అయితే ఒకే పట్టాపై రెండు ఇంజన్లు ఉంటే రెండూ ఒకేసారి కదులుతాయి. ఒకదాన్ని ఆపాలంటే అది నిలిచిన పట్టా ముక్కకు విడిగా స్విచ్ పెట్టాల్సిందే.

డిజిటల్ కమాండ్ కంట్రోల్, పొట్టిగా డీసీసీ, ఈ ఇబ్బందిని తొలగించింది. జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ పద్ధతి ఆధారంగా అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో దీనికి ప్రమాణాలు రూపొందించింది. ఇందులో పట్టాలపై ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది. హెచ్‌ఓ స్కేల్‌లో అది సుమారు 15 వోల్టులు. దాని ధ్రువాలు సెకనుకు వేలసార్లు తారుమారవుతుంటాయి. ఒక్కో వైపు 58 మైక్రోసెకన్లు ఉంటే అది అంకె 1, కనీసం 100 మైక్రోసెకన్లు ఉంటే అంకె 0. ప్రతి ఇంజన్‌లో డీకోడర్ అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. అది ఈ అంకెలను చదివి, తన నంబరుకు వచ్చిన ఆదేశాన్ని మాత్రమే పాటిస్తుంది. అదే కరెంటును డీసీగా మార్చుకుని మోటారును నడుపుతుంది.

అంటే ఆగి ఉన్న ఇంజన్ కింద కూడా పూర్తి వోల్టేజీ ఉంటుంది. మన రైల్వేల్లో 25,000 వోల్టుల తీగ కింద అన్ని ఎలక్ట్రిక్ ఇంజన్లూ ఉన్నా, దేనికి కావలసినంత కరెంటు అది తీసుకున్నట్టే ఇక్కడా జరుగుతుంది. ఈ కరెంటును పట్టాలకు అందించే పరికరాన్ని బూస్టర్ అంటారు. సాధారణంగా ఇవి 3 నుంచి 5 ఆంపియర్ల వరకు ఇస్తాయి.

కూడిక వేద్దాం

ఒక లేఅవుట్‌లో ఆరు ఇంజన్లు ఉన్నాయనుకుందాం. ఒకేసారి కదిలేవి మూడు. ఈ రోజుల్లో వచ్చే హెచ్‌ఓ ఇంజన్ మామూలుగా నడిచేటప్పుడు అర ఆంపియర్ లోపే తీసుకుంటుంది. మూడింటికీ కలిపి 1.5 ఆంపియర్లు అనుకోవచ్చు. శబ్దం చేసే డీకోడర్లతో నిలబడి ఉన్న మిగతా మూడింటికి ఒక్కోదానికి 0.1 చొప్పున 0.3 ఆంపియర్లు. మొత్తం 1.8.

ఇక దీపాలు. పది పెట్టెల్లో ఒక్కోదానిలో 50 మిల్లీ ఆంపియర్ల చిన్న బల్బులు రెండేసి ఉంటే అవే ఒక ఆంపియర్ తీసుకుంటాయి. అంటే రెండు ఇంజన్లు నడవడానికి కావలసినంత కరెంటు కిటికీల వెలుగుకే పోతుంది. అప్పుడు మొత్తం 2.8 ఆంపియర్లై, 3 ఆంపియర్ల బూస్టర్ అంచున నిలబడుతుంది. అవే పెట్టెల్లో 20 మిల్లీ ఆంపియర్ల ఎల్ఈడీ పట్టీలు పెడితే దీపాలకు 0.2 ఆంపియర్లే చాలు. మొత్తం 2 ఆంపియర్లు, పైన మూడో వంతు మిగులు.

దీన్ని బట్టి రెండు విషయాలు తేలుతున్నాయి. ఇంట్లో ఎన్ని ఇంజన్లు ఉన్నాయని కాకుండా ఒకేసారి ఎన్ని నడుస్తాయని లెక్కించాలి. బూస్టర్ చాలడం లేదనిపిస్తే పెద్దది కొనే ముందు బల్బుల వైపు చూడాలి. పట్టాల మలుపులు మార్చే కాయిల్ మోటార్లు క్షణకాలం పాటు చాలా ఎక్కువ కరెంటు లాగుతాయి కాబట్టి వాటికి వేరే సప్లై పెట్టడం మంచిది.

తీగల్లో పోయేదెంత?

3 ఆంపియర్లు, 15 వోల్టులు అంటే 45 వాట్లు. 5 ఆంపియర్లయితే 75 వాట్లు, అంటే ఒక మామూలు సీలింగ్ ఫ్యాన్ వాడేంత. కరెంటు బిల్లు పెద్ద సమస్య కాదు. అసలు చిక్కు తక్కువ వోల్టేజీతో వస్తుంది. సుమారు 4,500 కిలోవాట్ల డబ్ల్యూఏజీ-9 ఇంజన్‌కు 25,000 వోల్టుల దగ్గర 180 ఆంపియర్లు సరిపోతాయి. దాన్నే 15 వోల్టులతో నడపాలంటే 3 లక్షల ఆంపియర్లు కావాలి. వోల్టేజీ తగ్గే కొద్దీ అదే పనికి కరెంటు పెరుగుతుంది. కరెంటు పెరిగితే తీగల నిరోధం వల్ల నష్టమూ పెరుగుతుంది.

నమూనా రైలు పట్టాలను ఎక్కువగా నికెల్ సిల్వర్‌తో చేస్తారు. పేరులో వెండి ఉన్నా అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. దాని నిరోధం రాగి కంటే పది రెట్లకు పైగా ఉంటుంది. అందుకే కరెంటును పట్టాల మీదుగా దూరం పంపకూడదు. లేఅవుట్ బల్ల కింద బస్ అనే లావుపాటి రాగి తీగల జత లాగి, దాని నుంచి మీటరుకొకటి చొప్పున సన్నని ఫీడర్ తీగలను పైకి తెచ్చి పట్టాలకు టంకం వేస్తారు.

ఆ బస్ తీగ ఎంత లావుండాలి? పది మీటర్ల దూరానికి రానుపోను 20 మీటర్ల తీగ. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ అయితే నిరోధం 0.7 ఓమ్‌లు. 3 ఆంపియర్ల దగ్గర 2.1 వోల్టులు దారిలోనే పోతాయి. దూరానికి వెళ్లిన రైలు నెమ్మదిస్తుంది. ఇళ్లలో ప్లగ్ పాయింట్లకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే పోయేది 0.42 వోల్టులే.

ఆగని షార్ట్ సర్క్యూట్

సన్నని తీగతో రైలు నెమ్మదించడం చిన్న నష్టం. పెద్ద నష్టం రైలు పట్టాలు తప్పినప్పుడు బయటపడుతుంది. ఇనుప చక్రం రెండు పట్టాలను కలిపేస్తే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. దారి మొత్తం నిరోధం అర ఓమ్ అయితే 15 వోల్టులకు 30 ఆంపియర్లు పారాలి. 5 ఆంపియర్లు దాటగానే బూస్టర్ కరెంటు ఆపేస్తుంది. అంతా క్షేమం.

ఇప్పుడు తీగలో 0.7 ఓమ్‌లు, వదులైన పట్టా కీలు దగ్గర 2.5 ఓమ్‌లు ఉన్నాయనుకోండి. మొత్తం 3.2. పారే కరెంటు 4.7 ఆంపియర్లు. బూస్టర్‌కు అది షార్ట్ సర్క్యూట్‌లా కనిపించదు, బాగా బరువున్న రైళ్లు నడుస్తున్నాయనుకుంటుంది. ఆపదు. 70 వాట్ల వేడి పుడుతూనే ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఆ వదులు కీలు దగ్గరే. టంకం వేసే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దానికి రెట్టింపు వేడి గోరంత చోట నిలబడితే ప్లాస్టిక్ స్లీపర్లు, పెట్టె అడుగు కరిగిపోతాయి. ముట్టుకుంటే షాక్ కొట్టని 15 వోల్టులతో కూడా ఇంత జరుగుతుంది.

అందుకే మరింత పెద్ద బూస్టర్ తెస్తే భద్రత పెరగదు, తగ్గుతుంది. 8 ఆంపియర్ల బూస్టర్ అంతకంటే ఎక్కువ వేడిని ఓపికగా భరించేస్తుంది. అలా కాకుండా పట్టాలను భాగాలుగా విడదీసి, ఒక్కో భాగానికి విడిగా చిన్న బూస్టర్ గానీ, తక్కువ కరెంటుకే తెగే సర్క్యూట్ బ్రేకర్ గానీ పెట్టాలి. అసలు రైల్వేల్లోనూ పై తీగను ఇలాగే భాగాలు చేసి, ఒక సబ్‌స్టేషన్ పరిధికీ మరో దాని పరిధికీ మధ్య కరెంటు లేని ముక్క వదులుతారు. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఒక భాగంలో రైలు పట్టాలు తప్పినా మిగతా భాగాల్లో రైళ్లు ఆగవు.

నాణెంతో పరీక్ష

వైరింగ్ పూర్తయ్యాక సరిచూసుకోవడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. కరెంటు ఉన్నప్పుడు రెండు పట్టాల మీద ఒక రూపాయి నాణెం పెట్టండి. ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ మొనను అడ్డంగా ఆనించినా సరే. బ్రేకర్ వెంటనే తెగాలి. తెగకపోతే చప్పున తీసేయండి, లేదంటే నాణెం కాలుతుంది. బూస్టర్‌కు దగ్గర్లో ఒక్కచోట పరీక్షిస్తే సరిపోదు. ప్రతి భాగంలో, ముఖ్యంగా చివరి మూలల్లో, సొరంగం లోపల, మలుపులు మారే చోట చేయాలి. తెగని చోట లావు తీగ వేయాలి, ఇంకో ఫీడర్ కలపాలి, వదులు కీలుకు టంకం పెట్టాలి.

ఇక 230 వోల్టుల వైపు బీఐఎస్ గుర్తు ఉన్న అడాప్టర్ వాడండి. గది వదిలి వెళ్లేటప్పుడు గోడ స్విచ్ ఆపేయండి. డీసీసీలో రైళ్లన్నీ ఆగి ఉన్నా పట్టాల్లో కరెంటు ఉంటుందని గుర్తుంచుకోండి.