ఫోల్డర్ ఉంది.. ఫైళ్లేవి?

ఫోన్ మెమరీ నిండిపోయింది. ఫొటోలు, వీడియోలన్నీ వైఫై రౌటర్‌కి తగిలించిన హార్డ్ డిస్క్‌లో పడేద్దామనుకున్నారు. లాప్‌టాప్‌లో లైనక్స్ ఉంది. మౌంట్ కమాండ్ కొట్టారు. అంతే.. ఎర్రర్! నెట్‌లో దొరికిన కమాండ్లన్నీ వరసపెట్టి కొట్టడం మనలో చాలామంది చేసే పని. అంతకంటే తేలికైన దారి ఉంది. కింది నుంచి ఒక్కో మెట్టూ చూసుకుంటూ రావడమే.

ముందు మౌంట్ అంటే ఏంటో చూద్దాం. విండోస్‌లోలా సీ డ్రైవ్, డీ డ్రైవ్ అని లైనక్స్‌లో ఉండవు. అన్నీ ఒకే చెట్టుకి కొమ్మలు. బయటి డిస్క్‌ని తెచ్చి ఓ ఖాళీ ఫోల్డర్‌కి అతికిస్తాం. అదే మౌంట్. నెట్‌వర్క్‌లో ఉన్న డిస్క్ ఎక్కువగా రెండు పద్ధతుల్లో ఒకదాన్ని వాడుతుంది. ఒకటి విండోస్ వాడే ఎస్ఎంబీ. రెండోది 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన ఎన్ఎఫ్ఎస్.

అసలు దారి ఉందా?

మొదట పింగ్ చేయండి. పేరుతో పలక్కపోతే ఐపీ అడ్రస్‌తో చూడండి. ఐపీతో పలికితే గొడవ పేరుదే, డిస్క్‌ది కాదు. తర్వాత పోర్ట్ తెరిచి ఉందో లేదో చూడాలి. ఎస్ఎంబీకి 445, ఎన్ఎఫ్ఎస్‌కి 2049. రెండూ మూసి ఉంటే ఫైర్‌వాల్ సంగతి చూడండి. మీరు గెస్ట్ వైఫైలో ఉన్నారేమో కూడా చూసుకోండి. చాలా రౌటర్లు గెస్టులను ఇంట్లోని మిగతా డివైజ్‌ల దగ్గరికి పోనివ్వవు.

ఎర్రర్ ఒకటి.. అర్థం ఇంకొకటి

'ఫైల్ సిస్టమ్ టైప్ తప్పు, బ్యాడ్ సూపర్‌బ్లాక్' అని వస్తే డిస్క్ పోయిందని కంగారు పడతాం. చాలాసార్లు విషయం చిన్నది. మౌంట్‌కి సాయం చేసే ప్యాకేజీ మన సిస్టమ్‌లో ఉండదు. ఉబుంటు, డెబియన్‌లలో ఎస్ఎంబీకి సిఫ్స్-యుటిల్స్, ఎన్ఎఫ్ఎస్‌కి ఎన్ఎఫ్ఎస్-కామన్ ఇన్‌స్టాల్ చేస్తే సరి.

ఎర్రర్ 13 అంటే పర్మిషన్ లేదని. ముందు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చూసుకోండి. మన లాప్‌టాప్‌వి కాదు, అవతలి డివైజ్‌లో పెట్టినవి ఇవ్వాలి.

ఎర్రర్ 112 మరీ తమాషా. 'హోస్ట్ డౌన్' అంటుంది, పింగ్ మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. పాత డివైజ్ ఎస్ఎంబీ మొదటి వెర్షన్ తప్ప ఇంకోటి ఎరగకపోతే ఇలా జరుగుతుంది. 2017 మేలో వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది విండోస్‌లోని ఆ పాత వెర్షన్ లోపంతోనే. అదే ఏడాది వచ్చిన లైనక్స్ కెర్నల్ 4.13 నుంచి, మనం అడిగితే తప్ప ఆ వెర్షన్ వాడటం లేదు. కమాండ్‌లో 1.0 అని రాస్తే మౌంట్ అవుతుంది గానీ, తలుపుకి తాళం తీసేసినట్టే. రౌటర్ సెట్టింగ్స్‌లో రెండు లేదా మూడో వెర్షన్ ఆన్ చేయడం మేలు.

చూడనిస్తుంది, రాయనివ్వదు

ఎస్ఎంబీ షేర్‌ని సుడోతో మౌంట్ చేస్తే ఫైళ్లన్నీ రూట్ సొత్తుగా కనిపిస్తుంటాయి. మౌంట్ ఆప్షన్లలో మీ యూఐడీ, జీఐడీ నంబర్లు ఇవ్వండి. ఎన్ఎఫ్ఎస్‌లో మామూలుగా ఆ నంబర్లు రెండువైపులా ఒకటే అయ్యుండాలి. పేరు ఒకటే ఉంటే చాలదు.

అన్నిటికంటే ప్రమాదం ఇదీ!

బూట్ అవ్వగానే మౌంట్ అవ్వాలని ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో రాసుకుంటాం. పాస్‌వర్డ్ మాత్రం అక్కడ రాయకండి, ఆ ఫైల్‌ని ఎవరైనా చదవొచ్చు. రూట్ ఒక్కరే చదవగలిగే వేరే ఫైల్‌లో పెట్టండి. డిస్క్ దొరక్కపోయినా బూట్ ఆగకూడదని నోఫెయిల్ ఆప్షన్ కూడా ఇస్తాం. మంచిదే. కానీ ఆరోజు రౌటర్ ఆఫ్‌లో ఉందనుకోండి. మౌంట్ అవ్వదు, ఖాళీ ఫోల్డర్ మాత్రం అక్కడే ఉంటుంది. రాత్రి బ్యాకప్ స్క్రిప్ట్ వచ్చి ఫొటోలన్నీ అందులోనే కుమ్మరిస్తుంది. అంటే మీ లాప్‌టాప్ డిస్క్‌లోనే! ఎర్రర్ రాదు. తర్వాత రౌటర్ వచ్చి మౌంట్ అయ్యిందంటే ఆ ఫైళ్లు దాని కింద దాక్కుంటాయి. డిస్క్ నిండిందంటుంది, ఏ ఫైళ్లతో నిండిందో కనిపించదు. బ్యాకప్ ఉందన్న ధైర్యంతో ఫోన్‌లోవి డిలీట్ చేస్తారు. ఆ తర్వాత లాప్‌టాప్ పోతే చెల్లెలి పెళ్లి ఫొటోలూ పోయినట్టే.

మందు తేలికే. స్క్రిప్ట్ మొదట్లో మౌంట్‌పాయింట్ కమాండ్‌తో ఒక చెక్ పెట్టండి. అక్కడ నిజంగా ఏదైనా మౌంట్ అయ్యుందో లేదో అది చెబుతుంది. లేదంటే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోవాలి. ఇంకో మాట. బ్యాకప్ అయ్యాక ఫోన్‌లోవి తీసేసే ముందు, వేరే డివైజ్ నుంచి ఆ డిస్క్‌లోకి వెళ్లి నాలుగు ఫొటోలు తెరిచి చూడండి. రెండు నిమిషాల పని.