పటర్ కొనే ముందు పది పట్‌లు: గోల్ఫ్ కర్ర ఎంపికలో భౌతికశాస్త్రం

జంషెడ్‌పూర్ అనగానే ఉక్కు గుర్తొస్తుంది. ఆ ఉక్కు పనుల కోసమే తరాల క్రితం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో. అదే ఊళ్లో బెల్డీ, గోల్మురి అనే రెండు గోల్ఫ్ కోర్సులు ఉన్నాయి. టాటా స్టీల్ టూర్ చాంపియన్‌షిప్‌కు ఇవే వేదికలు. బంతిని గాల్లోకి దూరంగా కొట్టినప్పుడు చప్పట్లు పడతాయి. కానీ స్కోరు తేలేది గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చికపైనే. అక్కడ బంతిని దొర్లించే కర్రనే పటర్ అంటారు. 18 గుంతలకు 72 దెబ్బలు ప్రమాణమైన కోర్సులో, గుంతకు రెండు పట్‌ల చొప్పున 36 దెబ్బలు దీనికే కేటాయించారు. అంటే సరిగ్గా సగం.

అందుకే గురి తప్పితే చాలామంది ముందుగా కొత్త పటర్ కోసం వెతుకుతారు. అసలు తప్పు కర్రలో ఉందా, చేతిలో ఉందా?

ఒక్క డిగ్రీ తేడా

గోల్ఫ్ గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు. మూడు మీటర్ల దూరం నుంచి బంతి ఒక డిగ్రీ పక్కకు బయలుదేరితే, గుంత దగ్గరికి చేరేసరికి 5.2 సెంటీమీటర్లు తప్పుతుంది. గుంత అంచు మధ్య నుంచి 5.4 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. అదే ఆరు మీటర్ల పట్ అయితే తేడా 10 సెంటీమీటర్లు దాటుతుంది, బంతి పడే అవకాశమే లేదు. బంతి ఏ దిశలో బయలుదేరుతుందనేది ప్రధానంగా, అది తాకే క్షణంలో పటర్ ముఖం ఎటు చూస్తోందన్న దానిపైనే ఆధారపడుతుంది. కర్ర కదిలిన దారి ప్రభావం అంతకంటే చాలా తక్కువ.

వాలిన లోలకం

గోడ గడియారంలోని లోలకం నిట్టనిలువు తలంలో ఊగుతుంది. పటర్‌కు ఆ వీలు లేదు. నియమాల ప్రకారం దాని కాడ నిలువు నుంచి కనీసం 10 డిగ్రీలు వాలి ఉండాలి. అలా వాలిన లోలకం నీడ మిట్టమధ్యాహ్నం నేలపై పడితే, అది గీసేది సరళరేఖ కాదు, వంపు. అందుకే సహజమైన ఊపులో పటర్ ముఖం వెనక్కి వెళ్లేటప్పుడు కాస్త తెరుచుకుని, ముందుకు వచ్చేటప్పుడు మూసుకుంటుంది. ఈ వంపు ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది.

పటర్ కాడను అడ్డంగా వేలిపై ఆనించి చూడండి. ముఖం ఆకాశం వైపు తిరిగితే అది ఫేస్ బ్యాలెన్స్‌డ్ రకం. కొస కిందికి వేలాడితే టో హ్యాంగ్ రకం. తలలోని ద్రవ్యరాశి కేంద్రం కాడ గీతకు వెనుక ఉందా, కొస వైపు ఉందా అన్నదే తేడా. వంపు తక్కువ ఉన్నవారికి మొదటిది, ఎక్కువ ఉన్నవారికి రెండోది నప్పుతాయని సాధారణ సూచన. ఇది ప్రయోగానికి ఆరంభం మాత్రమే, సూత్రం కాదు.

బరువు ఎక్కడ? పిడి ఎంత లావు?

జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేసిన కార్స్టెన్ సోల్హైమ్ 1959లో తన తొలి పటర్‌ను తయారు చేశారు. తలలోని బరువును ఆయన రెండు చివరలకు సర్దారు. జడత్వ భ్రామకం దూరం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, బంతి మధ్యలో తగలకపోయినా అలాంటి తల తక్కువగా మెలితిరుగుతుంది. నేటి పెద్ద మాలెట్ తలలూ ఈ సూత్రంతోనే పనిచేస్తాయి. అయితే ముఖాన్ని ముందే పక్కకు తిప్పి కొడితే ఏ జడత్వమూ కాపాడలేదు.

పిడి విషయంలో లెక్క మరీ సులువు. వేలు ఒక మిల్లీమీటరు కదిలితే, 12 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న పిడి దాదాపు 4.8 డిగ్రీలు తిరుగుతుంది. 16 మిల్లీమీటర్లదైతే 3.6 డిగ్రీలే. వేళ్లు, మణికట్టు ఎక్కువగా ఆడేవారికి లావు పిడి ఇందుకే ఊరట. అయితే బరువైన లావు పిడి వేస్తే సమతుల్యత చేతుల వైపు జరిగి, తల తేలికైనట్టు అనిపిస్తుంది. దూరాన్ని అంచనా వేసే స్పర్శ తగ్గిందని కొందరు ఆటగాళ్లు చెబుతారు కూడా.

ముందు తప్పును కొలవండి

సమతలంగా ఉన్న చోట మూడు మీటర్ల దూరం నుంచి పది బంతులు దొర్లించి, ఒక్కొక్కటి ఎటు పోయిందో రాసుకోండి. అన్నీ ఒకే వైపు తప్పుతుంటే, ప్రయోగశాల భాషలో అది క్రమ దోషం. అప్పుడు ముందుగా నిలబడే తీరు, గురి చూసే తీరు సరిచూసుకోవాలి. అవి సరిగా ఉంటేనే టో హ్యాంగ్ మార్చి చూడాలి. బంతులు అటూ ఇటూ చెదిరిపోతే అది యాదృచ్ఛిక దోషం. దానికి లావు పిడి, జడత్వం ఎక్కువున్న తల కొంత సాయపడవచ్చు, మిగతాది సాధన.

పిడి మార్చడానికి అయ్యే ఖర్చు కొత్త పటర్ ధరలో చిన్న భాగమే. పది బంతుల లెక్కకు కాగితం, పెన్సిలు చాలు.