రాత్రి కౌంటరు, వీసా షరతు: ప్రవాస తెలుగు విద్యార్థుల అభద్రత

ఇబ్రహీంపట్నం, కొండపల్లి, గొల్లపూడి ప్రాంతాల్లో ఇంజనీరింగ్ ముగించి పైచదువులకు విదేశం బయలుదేరే విద్యార్థికి ఇంటివారు చెప్పే చివరి మాట ‘జాగ్రత్త’. పరాయి దేశంలో ఫోను లాక్కోవడం, దారిదోపిడీ, గదిలో దొంగతనం వంటి నేరాలు బాధితుడి అజాగ్రత్త వల్లనే జరుగుతాయన్న భావన ఆ మాటలో ఇమిడి ఉంది. ఆస్ట్రేలియా అనుభవం ఈ భావనను చాలావరకు సవరిస్తుంది.

2009 మే నెలలో మెల్‌బోర్న్‌లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక విద్యార్థిపై స్క్రూడ్రైవరుతో దాడి జరిగింది. ఆ నెల 31న వేలాదిమంది భారతీయులు ఆ నగరంలో నిరసన తెలిపారు. రాత్రి రైళ్ళలో సొంత భాషలో గట్టిగా మాట్లాడవద్దని, విలువైన వస్తువులు పైకి కనిపించనీయవద్దని విక్టోరియా పోలీసులు అంతకుముందే భారతీయ విద్యార్థులకు సలహా ఇచ్చారు. ‘జాగ్రత్త’కు ఇది ప్రభుత్వ రూపాంతరం మాత్రమే.

ఆస్ట్రేలియా నేరశాస్త్ర సంస్థ 2011లో వెలువరించిన అధ్యయనం నాలుగు లక్షలకు పైబడిన విద్యార్థుల వీసా వివరాలను పోలీసు రికార్డులతో సరిపోల్చింది. భారతీయ విద్యార్థులపై భౌతిక దాడుల రేటు చాలా రాష్ట్రాల్లో స్థానిక సగటుకు సమానంగానో, తక్కువగానో ఉంది. దోపిడీల రేటు మాత్రం పెద్ద రాష్ట్రాల్లో సగటును మించింది. జాతివివక్ష పాత్రను పోలీసు రికార్డుల ఆధారంగా తేల్చలేకపోవడం ఈ అధ్యయనానికి ఉన్న పరిమితి. అయితే పెట్రోలు బంకులు, రాత్రి దుకాణాలు, టాక్సీలలో ఉపాధి, అర్ధరాత్రి ప్రజారవాణాపై ఆధారపడటం ప్రమాదాన్ని పెంచాయని అది గుర్తించింది. గల్లాపెట్టె ముందు ఒంటరిగా కూర్చున్నవాడు ఎంత జాగ్రత్తపడినా దొంగకు ఎదురుగానే ఉంటాడు.

ఆ కౌంటరు వద్దకు అతణ్ణి చేర్చేది తరచుగా అప్పు. విద్యారుణం 7.5 లక్షల రూపాయలు దాటితే బ్యాంకులు సాధారణంగా స్థిరాస్తి హామీ కోరుతాయి. ఊళ్ళో ఇల్లో పొలమో తాకట్టులో ఉన్న విద్యార్థికి రాత్రి షిఫ్టును కాదనుకునే వెసులుబాటు తక్కువ. పైగా అప్పట్లో ఆస్ట్రేలియా విద్యార్థి వీసా తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటల పనికే అనుమతించేది. ఆ పరిమితి దాటినవాడికి దోపిడీపై ఫిర్యాదు చేయడమంటే తన ఉల్లంఘనను తానే బయటపెట్టుకోవడం.

అమెరికాలో ఈ చిక్కుముడి మరింత బిగుస్తుంది. అక్కడి ఎఫ్-1 వీసాదారులు మొదటి విద్యాసంవత్సరంలో సాధారణంగా క్యాంపస్ వెలుపల పనిచేయరాదు. అనుమతి లేకుండా దుకాణంలో పనిచేస్తూ దోపిడీకి గురైనవాడు పోలీసుల దగ్గరకు వెళ్ళడానికి జంకుతాడు. నేరబాధితులైన విదేశీయుల కోసం 2000 నాటి చట్టం యు-వీసాను కల్పించింది. ఏటా 10,000 మంది ప్రధాన దరఖాస్తుదారులకే పరిమితమైన ఈ వీసాకు అర్హమైన నేరాల్లో తీవ్రమైన దాడి ఉంది గాని, దొంగతనం, దోపిడీ పేరుపెట్టి లేవు. మన విద్యార్థికి తరచుగా ఎదురయ్యేవి ఈ రెండే.

పోయిన వస్తువుల్లో పాస్‌పోర్టు ఉంటే మౌనం కూడా సాధ్యం కాదు. కొత్తది జారీ చేయడానికి భారత కాన్సులేట్ పోలీసు నివేదిక అడుగుతుంది.