మడమ నొప్పికి మూలమెక్కడ?



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు పల్లెలలో కుటుంబాలను దర్శించినప్పుడు తరచుగా వినే మాట ఒకటున్నది. "తెల్లవారి మంచం దిగి కాలు మోపగానే మడమలో మేకు దిగినట్టుంటుందయ్యా. నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. కూర్చొని లేస్తే మళ్లీ మొదటికొస్తుంది." ఆరాధన ముగిశాక చాప మీద నుండి లేచి, గోడ పట్టుకొని నిలబడే పెద్దమ్మలను మీరూ చూచియుంటారు. ఒక సోదరి ఎక్స్‌రేలో "ఎముక పెరిగింది" అని విని, ఆపరేషన్ తప్పదేమోనని నెలల తరబడి దిగులుపడింది.

ఇంతకూ ఈ నొప్పి ఎందువలన కలుగుతుంది? విల్లుకు నారి ఉన్నట్లే, మన అరికాలిలో మడమ ఎముక నుండి వేళ్ల మొదళ్ల వరకు ఒక గట్టి పట్టీ ఉన్నది. అడుగు తీసి అడుగు వేసినప్పుడెల్లా అది బిగుసుకొని పాదపు వంపును నిలబెడుతుంది. దాని మీద బరువు మితిమీరినప్పుడు, మడమకు అంటుకొన్న చోట సన్నని చీలికలు పడి, అవి మానకముందే మరల చీలుతాయి. రాత్రి కుంచించుకొన్న ఈ పట్టీ ఉదయం ఒక్కసారిగా సాగుతుంది గనుక మొదటి అడుగే ప్రాణం తీస్తుంది. దీనినే వైద్యులు ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు.

2003లో అమెరికా వైద్యులు 50 మంది రోగుల నుండి తీసిన ముక్కలను పరీక్షించగా, వాటిలో వాపు కంటె అరుగుదలే కనబడింది. కావున నొప్పి బిళ్లలు ఉపశమనమిచ్చునే గాని మూలాన్ని తీసివేయవు. పెరిగిన ఎముక కూడ మూలము కాదు. ఏ నొప్పీ లేని అనేకుల ఎక్స్‌రేలలోనూ అది కనబడుతుంది.

అసలు కారణాలు మన దినచర్యలోనే ఉన్నవి. కడప బండల మీద, సిమెంటు గచ్చు మీద వట్టి కాళ్లతో గంటల తరబడి నిలబడుట, అరిగిపోయిన హవాయి చెప్పులు, పెరిగిన శరీర బరువు, బిగుసుకొన్న పిక్కలు, చదును పాదము లేక మరీ వంపుగల పాదము, కొన్నాళ్లు పనిలేక ఇంట నుండి, ఒక్కసారిగా మట్టిపనికో నాట్లకో దిగుట. నలుబది నుండి అరువది ఏండ్లవారికి ఇది ఎక్కువ.

మన ప్రాంతీయులు మరొక సంగతి గమనించాలి. నీటిలోని ఫ్లోరైడు వలన కలిగే ఎముకల వ్యాధిని గూర్చి 1937లోనే షార్ట్ అను వైద్యుడు, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లా నుండి వ్రాశారు. మడమతోపాటు నడుము, మెడ, కీళ్లు బిగుసుకొనిపోవుచున్నా, పిల్లల పండ్లపై గార మచ్చలున్నా నీటిని పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు మంచిది కాదు. నీరు కాచినంత మాత్రాన అది పోదు.

మంచం దిగకముందే కాలివేళ్లను చేతితో మీదికి లాగి పది లెక్కపెట్టండి; అలా పది సార్లు చేయండి. గోడకు చేతులానించి పిక్కలు సాగదీయండి. చాలామందికి ఏడాదిలోగా ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. తిమ్మిరి, జ్వరము, వాపు ఉన్నా, మధుమేహమున్నా వైద్యుని చూడండి.

చివరిగా ఒక మాట. ఇంటిల్లిపాదికి వండిపెట్టే అమ్మ దినమంతా బండల మీదే నిలుస్తుంది. ఇంట్లో వేసుకొనుటకు ఆమెకొక మెత్తని చెప్పుల జత కొనిపెట్టండి. అది విలాసము కాదు, వైద్యమే.